ఎనిమిది అరల డబ్బా

ఆ రోజు పొద్దున్న ఆరింటికి గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం భార్య డ్యూటీ దిగేసరికి, బజారులో ఏరి తెచ్చిన ఎనిమిది రకాల గింజల బార్లలో ఆమెకు సరిపడేది ఏదో ఒక్కటి తేలిపోవాలి. అంతే. ఇంత చిన్న పథకం కోసం ఆయన పది రోజులుగా నిద్ర తప్ప మిగతావన్నీ మానుకున్నాడు.

భార్య సిటీ బస్సు డ్రైవరు. పద్దెనిమిదేళ్ళుగా నలభైరెండో నంబరు నడుపుతోంది. అసలు పేరు డిపో రిజిస్టరులో ఉందేమోగాని ప్రయాణికులందరికీ ఆమె నలభైరెండక్కే. లారీ డ్రైవర్లు కూడా ఊపిరి బిగబట్టే మార్కెట్టు మలుపులో ఆమె బస్సు తిప్పితే, తిరిగిన సంగతి నిలబడ్డవాళ్ళకు కిటికీలోంచి చూస్తేగాని తెలియదు. బ్రేకు వేస్తే పాపాయి నిద్ర చెడదు. ఆ చేతుల్లో బస్సు పెంపుడు ఏనుగులా ఉంటుందని పక్క రూటు డ్రైవర్లే ఒప్పుకుంటారు. ఒకడు ఇంకొకణ్ణి ఒప్పుకోవడమన్నది డ్రైవర్లలో మామూలు విషయం కాదు.

అంతటి మనిషినీ ఓడించేది మధ్యాహ్న భోజనం. ఒంటిగంటకు చివరి స్టాపులో ఇరవై నిమిషాల విరామం ఉంది. అది కాగితం మీద. మెట్టు మీద ఒక కాలు పెట్టి రోడ్డు మీదివాళ్ళతో వీడ్కోలు ముగించేవాళ్ళు, బస్సెక్కాక పాసు వెతుక్కునేవాళ్ళు, స్టాపు దాటాక గంట కొట్టేవాళ్ళు తలా కాస్తా తినేయగా ఆమెకు మిగిలేది నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో చేతులు కడుక్కుని క్యారియర్ విప్పి తిని మళ్ళీ సర్దడం మనుషులవల్ల కాదు. క్యారియర్ వెళ్ళినట్టే ఇంటికి వచ్చేది. రెండు వారాల కిందట డిపోలో బస్సు నిలిపి దిగుతూ కళ్ళు తిరిగి అద్దం పట్టుకుని నిలబడిపోయింది. డిపో డాక్టరమ్మ చూసి ఒకటే మాట అంది. "జబ్బేం లేదు, ఆకలి. కానీ ఇంకోసారి ఇలా అయిందంటే నెల్లాళ్ళు స్టీరింగు ముట్టుకోనివ్వను. ఆఫీసులో కూర్చుని కాగితాలు సర్దుకోవాల్సిందే."

ఆ మాటకు నలభైరెండక్క జబ్బుకంటే ఎక్కువ భయపడింది. ఆమె భయం చూసి మొగుడు ఇంకా ఎక్కువ భయపడ్డాడు.

ఆయన ఇంటి ముందుగదిలోనే గడియారాలు బాగుచేస్తాడు. ఆవగింజంత మర కింద పడితే, కొత్తది వేయకుండా, మోకాళ్ళ మీద పాకి అదే మరను వెతికి వేసే రకం. ఈ బార్ల పనీ అలాగే మొదలుపెట్టాడు. కంటికి భూతద్దం తగిలించుకుని అట్టల వెనక ఉన్న సన్న అక్షరాలు చదివాడు. ఏమేం కలిపారో చెప్పే జాబితాలో ముందు ఏ పేరుంటే బారులో అదే ఎక్కువని తెలుసుకున్నాక ఆయనకు జ్ఞానోదయమైంది. ఒకదాని అట్ట మీద అరచేతి మందాన బాదం బొమ్మ ఉంది. జాబితాలో బాదం ఆరోది. ముందున్న ఐదింటిలో మూడు చక్కెరే, మూడు వేషాల్లో, మూడు పేర్లతో.

"ఒరేయ్, ఆకలేస్తే అమ్మాయే తింటుంది. దానికి భూతద్దమెందుకురా?" అంది తల్లి.

"ఆకలేసినప్పుడు ఏదైనా తినేస్తుందమ్మా. అందుకే ముందే చూడాలి."

షాపులో ఉన్న ముప్ఫై రకాల్లో ఇరవైరెండు అక్షరాల దగ్గరే ఓడిపోయాయి. మిగిలిన ఎనిమిదింటికీ అట్టలు తీసి, బొమ్మ చూసి నాలుక మోసపోకుండా పేర్లు దాచి, బొటనవేలంత ముక్కలు సమానంగా కోశాడు. మరలు పెట్టుకోవడానికి కొత్తగా కొన్న ఎనిమిది అరల డబ్బాను రెండుసార్లు సబ్బుతో కడిగి, అరకొకటి పెట్టి, మూతల మీద నంబర్లు వేశాడు. ఒక చిన్న నోటుపుస్తకం కూడా చేతికిచ్చాడు.

"ట్రిప్పుకొకటి. ముందు నీళ్ళు తాగు. తిన్నాక ఎలా ఉందో వెంటనే రాసెయ్. రెండు నంబర్లు కలపకూడదు."

"ఇవేమన్నా మందులాండీ?"

"మందులైతే డాక్టరు రాసినవి తెచ్చేవాణ్ణి. ఇవి నేను వెతికి తెచ్చాను."

ఆమె నవ్వింది కానీ, డబ్బాను సంచిలో అడుగున వేయకుండా పైన, చెయ్యి తగిలేచోట పెట్టుకుంది. పది రోజులు తన ఆకలిని భూతద్దంలో చూసిన మనిషి మీద ఆమెకు ముచ్చటేసింది. ఆ ముచ్చటను పైకి చెప్పే టైము లేదు. ఏడింటికి బస్సు తీయాలి.

బస్సు కండక్టరు మంచివాడు, డ్రైవరంటే ప్రాణం పెడతాడు. కాకపోతే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మొదటి ట్రిప్పు చివర ఆమె ఒకటో నంబరు నోట్లో వేసుకునేసరికి ఆయన టిక్కెట్ల సంచితో పక్కకొచ్చాడు.

"ఏంటక్కా అది?"

ఒకటో నంబరు అప్పటికే పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి బంధించేసింది. ఆమె నోరు తెరవలేక చెయ్యి ఊపింది. దవడ లాగిన లాగుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోటుపుస్తకంలో ఏదో గబగబా రాసి, పుస్తకం ఇంజను మూత మీద పెట్టి, మంచినీళ్ళ కోసం దిగింది.

కండక్టరు అది చూడాలనుకోలేదు. పుస్తకం తెరిచే ఉంది, కళ్ళూ తెరిచే ఉన్నాయి. "ఒకటి: దవడలు పట్టేశాయి. మాట రాలేదు."

రెండు వారాల కిందటి కళ్ళు తిరగడం గుర్తొచ్చింది. రెండో ట్రిప్పు తర్వాత పుస్తకం కోసం తనే వెతుక్కున్నాడు. "రెండు: నోరు ఎండిపోయింది. గొంతుకి అడ్డం పడింది." మూడో ట్రిప్పు తర్వాత: "మూడు: పావుగంట ఓపిక వచ్చింది. తర్వాత మళ్ళీ మామూలే."

ఇంకేముంది. జబ్బు దాచుకుని, నంబర్లు వేసిన మందులు మింగుతూ, ఎవరికీ చెప్పుకోలేక బస్సు నడుపుతోంది మహాతల్లి! ఈ బరువు ఒక్కడే మోయలేక, గ్రంథాలయం స్టాపులో ఎక్కిన రిటైర్డ్ హెడ్మాస్టరుగారి చెవిలో దించాడు.

"మాస్టారూ, మీకొక్కరికే చెప్తున్నా. ఎవరికీ చెప్పకండి. అక్కకి ఒంట్లో బాగాలేదు. బాగా... బాగాలేదు. నంబర్లేసిన మందులు మింగుతోంది."

హెడ్మాస్టరుగారు ఎవరికీ చెప్పలేదు. లేచి నిలబడి బస్సు మొత్తానికి చెప్పారు. చెప్పడమంటే గొంతెత్తి కాదు. ముప్ఫై ఏళ్ళు తరగతి గదుల్ని చూపుతో అదుపులో పెట్టిన మనిషి ఆయన. వెనకసీటు దాకా నడిచి, ఒక్కొక్కరి దగ్గరా వంగి, రెండేసి మాటలన్నారు. మాటలు రెండే అయినా, వెనక్కి చేరేసరికి వాటికి చిలవలు పలవలు పుట్టాయి. ముందు సీట్లలో నీరసంగా ఉన్నది, మధ్యలో గుండెజబ్బయి, వెనక తలుపు దగ్గర ఆపరేషను తేదీతో సహా ఖాయమైంది.

నాలుగో ట్రిప్పు నుంచి నలభైరెండో నంబరు బస్సు స్వరూపం మారిపోయింది. స్టాపు రాకముందే దిగేవాళ్ళు తలుపు దగ్గర వరస కట్టారు. ఎక్కేవాళ్ళు పాసులు చేతుల్లో పట్టుకుని ఎక్కారు. ఫోనులో పాట పెట్టిన కుర్రకారు పాట ఆపేశారు. మెట్టు మీద నిలబడి మరదలితో మాట్లాడబోయిన ఒకాయన్ని నలుగురు కలిసి లోపలికి లాగేశారు. మరదలు రోడ్డు మీదే ఉండిపోయింది.

నలభైరెండక్కకు ఏమీ అర్థం కాలేదు. బస్సు నడుపుతున్నట్టు లేదు, పరీక్ష హాలు నడుపుతున్నట్టుంది. ఇంజను చెడిందేమోనని ఒకసారి చెవి ఒగ్గి విన్నది. ఇంజను బాగానే ఉంది, మనుషులే తేడాగా ఉన్నారు.

మార్కెట్టు దగ్గర కూరగాయలామె బుట్ట దించుకుని, డ్రైవరు కిటికీ దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఎన్ని ఉన్నాయి తల్లీ?"

కండక్టరు ముక్కల సంగతి చెప్పేశాడు కాబోలని అనుకుంది డ్రైవరు. "ఇంకా నాలుగే పిన్నీ. సాయంత్రంతో అయిపోతాయి."

"అన్నీ మింగాల్సిందేనా?"

"మా ఆయన మాట. ఆ తర్వాత ఏదో ఒకటి తేలిపోతుంది. తేలితే ఇంక రోజూ అదే."

కూరగాయలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బుట్టలోంచి రెండు క్యారెట్లు తీసి ఆమె చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. డ్రైవరు క్యారెట్ల వైపూ, వెళ్ళిపోతున్న మనిషి వైపూ చూసి, నోటుపుస్తకంలో వీటికి గడి లేదు కదా అనుకుని, పక్కన పెట్టింది.

ఇలా ఉండగా అసలు ప్రమాదం ఇంకోవైపు నుంచి వచ్చింది. బస్సు టైముకి చేరింది. పన్నెండింటికి రావాల్సిన బస్సు పన్నెండింటికే వచ్చి ఎదురుగా నిలబడేసరికి టైమ్‌కీపరు తన గడియారం ఆగిపోయిందనుకున్నాడు. గడియారాన్ని ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని, చివరికి కండక్టరును పక్కకు పిలిచాడు.

"సగం స్టాపులు ఎగ్గొట్టి వచ్చారా ఏంటి? నిజం చెప్పు."

"నువ్వొక్కడివే తెలుసుకో. ఎవరికీ చెప్పకు," అని కండక్టరు మళ్ళీ బరువు దించుకున్నాడు.

టైమ్‌కీపరు డిపో మేనేజరుకు ఫోను చేశాడు. "సార్, నలభైరెండు డ్రైవరు మందులు మింగుతూ బండి నడుపుతోందట. మాట కూడా పడిపోతోందట."

మేనేజరు అప్పటికి పొద్దుటి నుంచి మూడు మీటింగుల్లో ఉన్నాడు, మధ్యలో ఒక్క కాఫీతో. నిప్పు లేనిదే పొగ రాదని, అయినా తొందరపడకూడదని అనుకుని, ముందు ఇంటికి ఫోను చేశాడు. గడియారాలాయన ఒక కంటికి భూతద్దంతోనే ఫోనెత్తాడు.

"మీ ఆవిడ ఇవాళ ఏవో... నంబర్లు వేసినవి తీసుకుంటున్నారటగా?"

"అప్పుడే మీదాకా వచ్చిందాండీ?" అన్నాడు ఆయన సంబరంగా. "అవునండి. ఎనిమిది రకాలు. ట్రిప్పుకొకటి."

"ఎనిమిది రకాలా! ఎవరు రాసిచ్చారండీ?"

"ఎవరో రాయడమేంటండీ, నేనే ఎంచాను. పది రోజులు చదివాను."

"మీరు డాక్టరా?"

"కాదండి. గడియారాలు బాగుచేస్తాను."

మేనేజరు గొంతు సన్నబడింది. "వాటివల్ల ఇబ్బందేమీ లేదా?"

"నాకు అనుమానం ఒకటో నంబరు మీదేనండి. దవడ పట్టేయొచ్చు. ఏదో ఒకటి తేలేదాకా అన్నీ ఆమె మీద ప్రయోగించి చూడాల్సిందే కదా. తేలాక డిపోలో అందరికీ మీరూ ఇవ్వొచ్చు."

మేనేజరు ఫోను పెట్టేసి, డిపో డాక్టరమ్మను కుర్చీలోంచి లేపి, జీపులో కూర్చోబెట్టాడు. గడియారాలాయన మాత్రం, మంచి పనికి గుర్తింపు ఇంత త్వరగా వస్తుందనుకోలేదని తల్లితో చెప్పి మళ్ళీ పనిలో పడ్డాడు.

ఒంటిగంటకు నలభైరెండో నంబరు చివరి స్టాపు చేరింది. ఒంటిగంటా రెండుకు కాదు, ఒంటిగంటకు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నలభైరెండక్క ఎదుట ఇరవై నిమిషాలు నిండుగా, ఎవరూ ముట్టనివి, నిలబడి ఉన్నాయి. అంత టైము ఏం చేసుకోవాలో ఆమెకు ఒక నిమిషం తోచలేదు. ఏడో నంబరు ముక్క సంగతి తర్వాత చూద్దామనుకుని, చేతులు కడుక్కుని, బస్టాపు నీడలో బల్ల మీద కూర్చుని, క్యారియర్ విప్పి, మొదటి ముద్ద కలిపింది.

జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. "ఆపండి! ఏమీ మింగకండి!" అని అరుస్తూ మేనేజరు దూకాడు.

ముద్ద చేతిలోనే ఆగింది. బస్సు దిగినవాళ్ళు, ఎక్కబోతున్నవాళ్ళు అంతా గుమిగూడారు. హెడ్మాస్టరుగారు ఆ రోజు దిగాల్సిన చోట దిగనే లేదు. పొద్దుటినుంచి బస్సులోనే కాపలా ఉన్నారు. ఆయన ముందుకొచ్చి అడ్డం నిలబడ్డారు.

"ఆవిణ్ణి బండి దించేస్తారా? ఇవాళ ఈ బస్సు ఎలా నడిచిందో మీకు తెలుసా?"

"అందుకే కదండీ వచ్చింది!" అన్నాడు మేనేజరు.

బండి దించడమన్న మాట చెవిన పడేసరికి నలభైరెండక్క మొహం పాలిపోయింది. ఏం తప్పు చేసిందో తెలియదు. అయినా ఎవరి మీదా అరవలేదు, ఏడవలేదు. లేచి, ఎంగిలికాని ముద్ద గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుని, "ఏం జరిగిందో చెప్పండి సార్. బండి ఆగకూడదు, కావాలంటే నేను ఆగుతాను," అంది. ఆ నిబ్బరానికి డాక్టరమ్మకు సగం జబ్బు అక్కడే అబద్ధమని తోచింది.

మిగతా సగానికి వేలు గుచ్చి చక్కెర చూసింది, నాడి చూసింది, రెప్పలు ఎత్తి చూసింది. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. డబ్బా తెరిచి ఏడో నంబరు ముక్కను వాసన చూసింది. ముక్క పైపొరను గోటితో గీకి మళ్ళీ వాసన చూసింది.

"ఇది బాదం కదూ?"

"బాదం, వేరుశెనగ, ఖర్జూరం, గుమ్మడి గింజలు ఉంటాయండి. ఏ నంబరులో ఏముందో మా ఆయనకే తెలుసు. నాలుగు నిమిషాల్లో తినడానికి ఏది బావుంటుందో చూడమని ఇచ్చారు."

"మరి దవడలు పట్టేశాయని రాశారు?" కండక్టరు గొంతు గింజంత అయింది.

"పంటికి అంటుకుంది తమ్ముడూ. నీకా పుస్తకం ఎవరిచ్చారు?"

కండక్టరు నేల వైపు చూశాడు. టిక్కెట్ల సంచిలో పట్టేంత చోటుంటే అందులో దూరిపోయేవాడు. గుంపులో గుసగుసలు లేచాయి. ఆపరేషను తేదీ చెప్పిన పెద్దమనిషి మెల్లగా వెనక వరసలోకి జారుకున్నాడు. పొద్దుటి నుంచి ఊపిరి బిగబట్టి కూర్చున్న ఒకావిడకైతే కాస్త కోపం కూడా వచ్చింది. "అయితే ఏ జబ్బూ లేదా? మేమంతా నోరు మూసుకుని కూర్చున్నది బాదంపప్పు కోసమా?"

హెడ్మాస్టరుగారు ఆవిడ వైపు తిరిగారు. "జబ్బుంటేనే మర్యాదగా ఎక్కుతామా అమ్మా? ఆకలుంటే చాలదా? పద్దెనిమిదేళ్ళుగా మనల్ని ఇళ్ళకు చేరుస్తున్న మనిషి ఇవాళే కూర్చుని తింటోంది. ఆ ఇరవై నిమిషాలూ ఇన్నాళ్ళూ ఎవరు తిన్నారు?"

మెట్టు మీద వీడ్కోలు చెప్పే ఆయన మరదలు గుర్తొచ్చి కాబోలు తల గోక్కున్నాడు. నలభైరెండక్క మాత్రం ఆ మాటకు తల తిప్పుకుంది. పొద్దున్న ఒకటో నంబరు తెప్పించలేనన్ని నీళ్ళు ఇప్పుడు కళ్ళలోకి వచ్చాయి.

సరిగ్గా అప్పుడే మేనేజరు ఏదో అనబోయి, ఆగి, జీపు తలుపు కోసం చెయ్యి చాచి, అది లేనిచోట పట్టుకుని తూలాడు. మలుపులో బస్సును పట్టుకున్నంత ఒడుపుగా డ్రైవరు ఆయన్ని పట్టుకుని బస్సు మెట్టు మీద కూర్చోబెట్టింది. డాక్టరమ్మ ఇంకో సూది తీసి ఆయన వేలు గుచ్చి, అంకె చూసి కళ్ళెర్రజేసింది.

"పొద్దుటి నుంచి ఏం తిన్నారు?"

"కాఫీ..."

"మీ చేతిలో స్టీరింగుంటే ఈ క్షణమే లాక్కునేదాన్ని. గింజలు మీకు పడతాయా? దద్దుర్లు, ఆయాసం లాంటివి రావుగా?"

"పడతాయండి," అన్నాడు మేనేజరు నీరసంగా.

డ్రైవరు ఏడో అర మూత తీసి ముక్క ఆయన నోట్లో పెట్టింది. గుంపంతా మేనేజరు దవడల వైపే చూసింది. అవి సాఫీగా ఆడాయి. పొడి రాలలేదు, పంటికి అంటలేదు. నీళ్ళు తాగి కాసేపు కూర్చునేసరికి ఆయన మొహంలోకి రంగు తిరిగొచ్చింది. మొదటి మాట వచ్చింది. "ఇంకోటుందా?"

"ఎనిమిదో నంబరుంది సార్. కానీ రెండూ కలపొద్దన్నారు మా ఆయన."

ఆమె తన క్యారియర్ మూతలో సగం వడ్డించి ఆయన ముందు పెట్టింది. ఇద్దరూ బల్ల మీద పక్కపక్కనే కూర్చుని తిన్నారు. తింటూనే డాక్టరమ్మ చెప్పగా మేనేజరు అక్కడికక్కడే కాగితం రాశాడు. నలభైరెండో నంబరు ఎప్పుడు చేరినా సరే, చేరిన క్షణం నుంచి ఇరవై నిమిషాలు కదలకూడదు. కండక్టరు ఆ కాగితాన్ని బస్సులో అతికించి, వచ్చేపోయే ప్రతివాళ్ళకూ చదివి వినిపించాడు. ఈసారి ఎవరికీ చెప్పొద్దని ఎవరూ అనకపోవడంతో ఆ పని ఆయనకు అంత రుచించలేదు.

సాయంత్రం గడియారాలాయన నోటుపుస్తకం అంతా చూసి, ఏడో గడి ఖాళీగా ఉండటం చూసి దిగాలుపడ్డాడు. సంగతంతా విన్నాక కంగారుపడ్డాడు, నవ్వాడు, భార్య చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత మేనేజరుకు ఫోను చేసి, చొక్కా మీద పొడి రాలిందా, మళ్ళీ ఎంతసేపటికి ఆకలేసింది అని వినయంగా అడిగి ఏడో గడి నింపాడు. ఏడో నంబరే గెలిచింది. జాబితాలో బాదం మొదటిది, వేరుశెనగ రెండోది, ఖర్జూరం మూడోది, ఆ తర్వాత చిటికెడు ఉప్పు. పొడుగాటి పేర్లు ఏవీ లేవు.

ఇంత కష్టపడి గెలిచిన బారు అవసరం మాత్రం నలభైరెండక్కకు అంతగా లేకపోయింది. ఆమె ఇప్పుడు రోజూ కూర్చుని భోంచేస్తోంది. టైరు పంక్చరైన రోజున పనికొస్తుందని ఒక్కటి సంచిలో ఉంచుకుంటుంది. అవసరం పడ్డది మిగతా లోకానికి. ముందు మేనేజరు వచ్చాడు, తర్వాత పక్క రూటు డ్రైవర్లు, నర్సులు, బ్యాంకువాళ్ళు, తిండికి తీరికలేని జనమంతా తలా ఒక అట్ట పట్టుకుని ముందుగది మెట్ల మీద వరస కట్టారు. "అయ్యా, ఇందులో నిజంగా బాదముందా?" గడియారాలాయన ప్రతి అట్టనూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, చక్కెర ఎక్కడ ఏ వేషంలో నక్కిందో చూపించి పంపేవాడు. మధ్యాహ్నం తల్లి పిలిచిన పిలుపులు వరస చివరిదాకా వినిపించేవి, ఆయనకు తప్ప.

నెలయ్యేసరికి మనిషి సగమయ్యాడు. ఒక పొద్దున్న నలభైరెండక్క డ్యూటీకి వెళ్తూ ఆయన చొక్కా జేబులో ఒక బారు పెట్టి, "మీరు తినండి ముందు," అని వెళ్ళింది. మూడింటికి ఆయన వరసలోవాళ్ళ అట్టల్లోంచి తల ఎత్తకుండానే దాని అట్ట చించి తినేశాడు.

అట్ట మీద ఏం రాసుందో చదివే తీరిక ఆయనకు లేకపోయింది.